ముంబయిలో నిశ్శబ్దం వెతుక్కోబోతున్న మేనకోడలికి

చిరంజీవి లలితకు, అత్తయ్య ఆశీస్సులు.

నీకు ముంబయిలో ఉద్యోగం వచ్చిందనీ, గోరేగావ్‌లో గది కూడా కుదిరిందనీ మీ నాన్న చెప్పగానే చాలా సంతోషించాను. ఆ వెంటనే, వారానికి ఒక రోజు రద్దీకి దూరంగా చెట్లో నీళ్లో ఉన్న చోటు చూసుకుని ఒక్కదానివే వెళ్లి కూర్చోవాలని నువ్వు అనుకుంటున్నావని చెప్పాడు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఉద్యోగ జీవితమంతా ఆ ఊళ్లోనే గడిపిన దాన్ని కాబట్టి అలాంటి చోట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో నాకు తెలుసు, వాటి దగ్గర పొంచి ఉన్న ప్రమాదాలూ తెలుసు. చేరిన మొదటి నెల జీతంతో ఏం కొనాలని కాకుండా, ఎక్కడ కాసేపు ప్రశాంతంగా ఉండవచ్చని ఆలోచిస్తున్న పిల్ల మన ఇంట్లో ఉన్నందుకు గర్వంగా ఉంది. నువ్వు ఒక్కదానివే వెళ్తానన్నందుకు గుండె దడగా ఉంది. ఈ రెండింటి మధ్య కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను, ఓపికగా చదువు.

అన్నిటికన్నా ముందు, నువ్వు ఒక ద్వీపం మీద కాపురం పెట్టబోతున్నావన్న సంగతి మనసులో పెట్టుకోవాలి. ముంబయిలో పుట్టి పెరిగినవాళ్లకే ఇది గుర్తుండదు. దక్షిణాన ఉన్న పాత బొంబాయి ఒకప్పుడు ఏడు చిన్న దీవులు, వాటి మధ్య నీటిని పూడ్చి ఒకటిగా చేశారు. ఉత్తరాన ఉన్న పెద్ద ద్వీపం సాష్టీ, ఇంగ్లీషువాళ్ల సాల్సెట్. 1845లో నీటి మీదుగా మాహిం కాజ్‌వే అనే రోడ్డు కట్టాక ఈ రెండింటికీ రాకపోకలు సులువయ్యాయి. నీ గోరేగావ్ ఆ సాష్టీ మీదే ఉంది. దానికి పడమట అరేబియా సముద్రం, ఉత్తరాన వసయి ఖాడీ, తూర్పున ఠాణే ఖాడీ. ఖాడీ అంటే నేలలోకి చొచ్చుకువచ్చిన సముద్రపు పాయ. ఏ దిక్కుకు నడిచినా చివరకు నీళ్లే వస్తాయి, ఆ నీళ్లు రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతాయి. అందుకే ఈ ఊళ్లో నిశ్శబ్దం ఎంత దూరాన ఉందని అడిగితే సరైన జవాబు రాదు. ఏ రోజున, ఏ వేళకు ఉంటుందని అడగాలి. ఆదివారం మధ్యాహ్నం జాతరలా ఉండే చోటే బుధవారం పొద్దున్నే వెళ్తే పిట్టల కూతలు తప్ప ఏమీ వినిపించనంత ప్రశాంతంగా ఉంటుంది.

మంచి బూట్లు, నీళ్లు, ఛార్జి ఉన్న ఫోను, వానాకాలమైతే గొడుగు, ఇవి నీకు చెప్పనక్కరలేదు. ఆదివారాల్లో పట్టాల మరమ్మతు కోసం మెగా బ్లాక్ పెట్టి లోకల్ రైళ్లు తగ్గిస్తారు, కాబట్టి ఏ లైన్లో ఏ గంటలకో ముందు రోజే చూసుకో. సోమవారం సెలవు దొరికిందని సంబరపడి బయల్దేరకు, ఆ రోజు నేషనల్ పార్కూ, ఎలిఫెంటా అని పిలిచే ఘారాపురీ గుహలూ రెండూ మూసి ఉంటాయి.

నీకు అన్నిటికన్నా దగ్గరది అడవే. బోరీవలీలో రైలు దిగితే సంజయ్ గాంధీ నేషనల్ పార్కు గేటు నడక దూరంలోనే ఉంటుంది. ఊరి నడుమ నూరు చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అడవి అది. విహార్, తులసి చెరువులు రెండూ ఆ అడవి పరిధిలోనివే. 1860లో విహార్‌నూ 1879లో తులసినీ ఊరి తాగునీటి కోసం కట్టారు, వాటి ఒడ్డుకు ఎవరినీ ఊరికే వెళ్లనివ్వరు, నువ్వు కూడా ప్రయత్నించకు. గేటు దగ్గరి భాగం పిల్లలతో, పల్లీల పొట్లాలతో సందడిగా ఉంటుంది. అది చూసి నిరాశపడి వెనక్కి రావద్దు. లోపలికి వెళ్లే బస్సెక్కి కాన్హేరీ గుహల దాకా వెళ్లు, అక్కడ అందరూ ఆగి ఫొటోలు తీసుకునే మొదటి గుహలను దాటి రాతిలో తొలిచిన మెట్ల మీదుగా పైకి ఎక్కు. నూటికి పైగా గుహలున్న కొండ అది. పైకి వెళ్లేకొద్దీ మనుషులు తగ్గిపోతారు, చివరకు నువ్వూ, రాతి అరుగూ, కింద పరుచుకున్న అడవీ మిగులుతాయి.

ఆ రాతి అరుగులు నిన్నటివి కావు. వెయ్యేళ్లకు పైగా బౌద్ధ భిక్షువులు ఉన్న చోటది. ఒక్కో గదికి ఒక అరుగు, గుమ్మం పక్కన వాన నీరు నిలిచే తొట్టి, నీరు దానిలోకి జారడానికి రాతిలో చెక్కిన సన్నని కాలువ కనిపిస్తాయి. వాటిలో ఒక తొట్టి దగ్గరి శాసనం వాసిష్ఠీపుత్ర శాతకర్ణి రాణి పేరుతో ముడిపడినది. ఆమె మహాక్షత్రపుని కూతురనీ, ఆ నీటి తొట్టిని శతేరకుడనే అమాత్యుడు దానం చేశాడనీ అందులో ఉంది. అమరావతి స్తూపం కథలు వింటూ పెరిగిన నాకు, ఊరు కాని ఊళ్లో ఒంటరిగా ఉన్న రోజుల్లో మన శాతవాహనుల పేరు ఆ కొండ మీద కనిపించడం ఎంత ధైర్యాన్ని ఇచ్చిందో చెప్పలేను. ఎండాకాలం గడవాలని ఎవరో నీళ్లు దాచి ఉంచిన చోటు కదా అనుకుంటూ ఆ తొట్టి పక్కనే కూర్చుని ఇంటికి ఉత్తరాలు రాసేదాన్ని. నువ్వు వెళ్లినప్పుడు ఆ తొట్లలోకి చెత్త వేసేవాళ్లు కనబడితే నా తరఫున కూడా ఒక మాట అను.

వానాకాలంలో మాత్రం కాన్హేరీ వాగులో దిగనని నాకు మాట ఇవ్వాలి. ఆ కొండ నల్లని అగ్నిశిల, పడ్డ వానలో చాలాభాగం లోపలికి ఇంకకుండా ఒక్కసారిగా వాగులోకి దిగుతుంది. నీ నెత్తిన చినుకు లేకపోయినా పైన కురిసిన వానకు మోకాలి లోతు నీరు కాసేపట్లోనే నిలువు లోతవుతుంది. 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ రోజు ఆఫీసు నుంచి ఇల్లు చేరడానికి మేం పడిన పాట్లు మీ నాన్న నీకు కథగా చెప్పి ఉంటాడు. అంత వాన ఏటా రాదు, కానీ వాగుకు అందులో పదో వంతు చాలు. జలపాతం దగ్గర వీడియో తీసుకోవాలనే సరదా నీ తరం పిల్లలందరికీ ఉంది. నీకు ఉండకూడదని గట్టిగానే చెబుతున్నాను.

చిరుతపులుల గురించి నీ తల్లి భయపడుతున్నదట. ఆ అడవిలోనూ చుట్టుపక్కలా నలభైకి పైగా చిరుతలున్నట్టు కెమెరాలతో తీసిన లెక్కల్లో తేలింది, అందులో అబద్ధం లేదు. అవి ఎక్కువగా సంధ్య వేళ నుంచి తెల్లవారేదాకా తిరుగుతాయి, పగలు మనిషి అలికిడి వింటే తప్పుకుంటాయి. చీకటి పడకముందే అడవి నుంచీ, నీ గదికి దగ్గరే ఉన్న ఆరే కాలనీ దారుల నుంచీ బయటికి వచ్చెయ్యి, మసక వెలుతురులో ఒంటరిగా పొదల పక్కన వంగి కూర్చోకు. చెవుల్లో పాటలు పెట్టుకుని నడవకు, అడవిలో చెవులే మనకు కాపలా. గోరేగావ్‌లోనే ఫిల్మ్ సిటీ పక్కన, 1883లో పుట్టిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారి ప్రకృతి విద్యా కేంద్రం ఉంది. పక్షుల సాలిం అలీ జీవితమంతా పెనవేసుకున్న సంస్థ అది. మొదట్లో నాలుగు నెలలపాటు వాళ్లు తీసుకువెళ్లే నడకలకు వెళ్లు, ఒంటరి తిరుగుళ్లు ఆ తర్వాత చూద్దాం. తోడుగా వెళ్తే నిశ్శబ్దం ఉండదని నువ్వు అంటావు. పక్షిని చూడడానికి వచ్చినవాళ్లంత మౌనంగా ఉండేవాళ్లను నేను గుడిలో కూడా చూడలేదు.

ఇక నీళ్ల సంగతి. దీని కోసమే అసలు ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మన పంచాంగం ముంబయిలో నీకు ఎంత పనికివస్తుందో చెబుతాను. అమావాస్యకూ పౌర్ణమికీ ఆ తీరంలో పోటు, అంటే నీరు పూర్తిగా పెరిగే వేళ, మధ్యాహ్నం 12 గంటల ప్రాంతానా, మళ్లీ అర్ధరాత్రి ప్రాంతానా వస్తుంది. ఆటు, అంటే నీరు పూర్తిగా తగ్గే వేళ, పొద్దున 6, సాయంత్రం 6 గంటల ప్రాంతాల్లో వస్తుంది. ఆ తర్వాత రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ అష్టమి నాటికి వేళలు తారుమారై, మధ్యాహ్నం ఆటూ సాయంత్రం పోటూ అవుతాయి. అమావాస్య, పౌర్ణముల దగ్గర నీరు బాగా పైకి వచ్చి బాగా కిందికి పోతుంది, అష్టమి దగ్గర ఆ తేడా తక్కువ. ఇది ఉజ్జాయింపు లెక్క మాత్రమే. కచ్చితమైన వేళలు ఫోన్‌లో చూసుకోవచ్చు, అయినా తిథి గుర్తుంటే ఫోన్ చూడాలన్న ఆలోచన వస్తుంది. మరొకటి, నీరు ఆరు గంటల పాటు ఒకే తీరుగా పెరగదు. మొదటి గంటలో పెరిగినట్టే తెలియదు. మూడో గంటలోనూ నాలుగో గంటలోనూ కలిపి దాదాపు సగం నీరు వచ్చేస్తుంది.

ఇప్పుడు మీ నాన్న కుడి మోకాలి మీది మచ్చ సంగతి చెప్పాలి. స్కూటర్ మీంచి పడ్డానని వాడు మీ అందరికీ చెప్పాడు, మీ తాతగారికీ అదే చెప్పాడు. వాడు డిగ్రీ అయ్యాక ఒక పరీక్ష రాయడానికి ముంబయి వచ్చి కొన్ని వారాలు నా దగ్గర ఉన్నాడు. నీలాగే వాడికీ ఆ ఊరి రొద పడేది కాదు. ఒక శనివారం నాకు బ్యాంకు ఒంటిపూట కావడంతో, వాడినీ వాడి స్నేహితుణ్నీ తీసుకుని బాంద్రా బ్యాండ్‌స్టాండ్‌కు వెళ్లాను. అది పౌర్ణమికి ముందు వచ్చే త్రయోదశి. మేం చేరేసరికి నాలుగు కావస్తోంది, సముద్రం బాగా వెనక్కి పోయి నల్లరాళ్లన్నీ బయటపడి ఉన్నాయి. ఒడ్డున జనం ఉన్నారు, చాలా ముందుకు ఉన్న రాళ్ల మీద మాత్రం ఎవరూ లేరు. అక్కడైతే ఏ సందడీ ఉండదంటూ వాళ్లిద్దరూ చెప్పులు చేతబట్టుకుని ఆ రాళ్ల మీదుగా వెళ్లిపోయారు. నేను చీర కుచ్చిళ్లు తడుస్తాయని గోడ మీదే కూర్చున్నాను.

ఆ రాళ్ల అమరిక నువ్వు తెలుసుకోవాలి. ముందున్న రాళ్లు ఎత్తుగా ఉంటాయి, వాటికీ ఒడ్డుకూ మధ్య నేల పల్లంగా ఉంటుంది. నీరు పెరిగేటప్పుడు ముందున్న రాయి మునగదు, వెనకనున్న పల్లం నిండుతుంది. సముద్రం వైపు తిరిగి సూర్యాస్తమయం చూస్తున్న మనిషికి కాళ్ల దగ్గర రాయి పొడిగానే ఉంటుంది, అల ఇంకా దూరంగానే కనిపిస్తుంది, తిరిగి వెళ్లాల్సిన దారి మాత్రం వీపు వెనక మాయమైపోతూ ఉంటుంది. ఆ రోజు నాలుగున్నరకు ఆటు పూర్తయి నీరు మళ్లడం మొదలైంది. ఆరున్నరకు పొద్దు గుంకేసరికి రెండు గంటలు గడిచాయి, అంటే నీరు ఉరకలు వేసే గంట మొదలైందన్న మాట. పల్లంలో నీరు మెరవడం గోడ మీంచి నాకు కనిపించింది. లేచి నిలబడి వాడి పేరు పెట్టి అరిచాను, కొంగు ఊపాను, మళ్లీ అరిచాను. సాయంత్రం గాలి సముద్రం మీంచి ఒడ్డుకు వీస్తుంది కదా, నా గొంతు వాళ్ల దాకా చేరలేదు. పక్కవాళ్లు కూడా కలిసి అరిచారు. తమ్ముడు వెనక్కి తిరిగేసరికి మధ్యలో నడుము లోతు నీళ్లు ప్రవాహంలా పారుతున్నాయి.

వాడు దిగాడు. దిగకుండా ఉన్నా ఏమయ్యేదో నాకు తెలియదు. రాయి మీద నాచు, దాని కింద కత్తుల్లాంటి నత్తగుల్లల అంచులు. కాలు జారి మోకాలు చీరుకుపోయింది, ఒకసారి తల మునిగింది. ఆ తలను చూస్తూ, అది మళ్లీ పైకి వచ్చేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. ఇంతలో వలలు ఆరవేస్తున్న ఒక కోలీ జాలరి పెద్దాయన చేతిలో గెడతో ఇంకో పక్క నుంచి దిగాడు. ఎక్కడ లోతు తక్కువో ఆయన కాళ్లకే తెలిసినట్టు వంకర తిరుగుతూ వెళ్లి, ఇద్దరినీ గెడ పట్టుకోమని ఒక్కొక్కరినీ ఒడ్డుకు తెచ్చాడు. నేను ఇవ్వబోయిన డబ్బు తీసుకోలేదు. నీళ్లు ఎప్పుడు పెరుగుతాయో కనుక్కోకుండా రాళ్ల మీదికి వచ్చే చదువుకున్నవాళ్లను ప్రతి ఏడూ చూస్తున్నానని మాత్రం అన్నాడు. ఆ రోజు పొద్దున మా బ్యాంకుకు వచ్చిన పత్రికలో పోటు వేళలు అచ్చయి ఉన్నాయి, తమ్ముడు ఆ పత్రికలోనే ఉద్యోగ ప్రకటనలు చదివాడు. ఈ సంగతి నీకు రాస్తానని మొన్న వాడికి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రాయమన్నాడు.

అందుకే తల్లీ, సముద్రం ఒడ్డున ఎక్కడ కూర్చోవాలనుకున్నా కూర్చునే ముందు వెనక్కి తిరిగి చూడు. నీకూ ఒడ్డుకూ మధ్య నువ్వు కూర్చున్న చోటు కన్నా పల్లం ఉంటే అక్కడ కూర్చోకు. రాళ్ల మీద పీతలనూ సముద్రపు పూవులనూ చూడాలని ఉంటే ఆటుకు గంట ముందు వెళ్లి, ఆటు పూర్తయ్యే వేళకు తిరుగు ప్రయాణం మొదలుపెట్టు. సూర్యాస్తమయం ఒడ్డు మీంచి కూడా అంతే అందంగా కనిపిస్తుంది. వానాకాలంలో రాళ్ల వైపే వెళ్లకు, అప్పుడు అల వేళ చూసుకుని రాదు. జుహూ ఇసుక మీద నీలం బుడగల్లాంటి జీవులు కొట్టుకువస్తాయి, అందంగా ఉన్నాయని ముట్టుకుంటే చెయ్యి మండిపోతుంది.

నీళ్లను చూసి భయపడమని చెప్పడం లేదు. భయపడే దాన్నయితే ఠాణే ఖాడీ గురించి నీకు చెప్పేదాన్నే కాదు. నవంబరు నుంచి మే దాకా వేల సంఖ్యలో ఫ్లెమింగోలు అక్కడి బురదమేటల మీద దిగుతాయి. 2015లో ఆ ఖాడీని ఫ్లెమింగోల అభయారణ్యంగా ప్రకటించారు, 2022లో ముఖ్యమైన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా అయిన రామ్‌సర్ జాబితాలోనూ చేరింది. వాటిని చూడడానికీ ఆటుపోట్లే ఆధారం. పూర్తి ఆటులో బురద దూరం దాకా బయటపడి పక్షులు చుక్కల్లా కనిపిస్తాయి, పూర్తి పోటులో మేత మునిగిపోయి అవి వేరే చోటికి పోతాయి. నీరు మెల్లగా పెరుగుతున్నప్పుడు వాటిని ముందుకు నెట్టినట్టు ఒడ్డు దగ్గరికి వస్తాయి, అదే మంచి వేళ. మా రోజుల్లో శివ్‌డీలో నిలబడి చూసేవాళ్లం, 2024లో ప్రారంభమైన అటల్ సేతు అనే సముద్రపు వంతెన ఇప్పుడు అక్కడి నుంచే మొదలవుతోంది. ఖాడీకి అవతలి ఒడ్డున ఐరోలీలోని సముద్ర జీవవైవిధ్య కేంద్రం నుంచి అటవీశాఖ వారు పడవల్లో తీసుకువెళ్తారు, పోటు వేళను బట్టే ఆ పడవలు బయల్దేరతాయి. మడ అడవుల పక్కగా పడవ సాగుతుంటే వెనక ఊరు ఉందన్న సంగతే మరచిపోతావు. ముందుగా చోటు రాయించుకోవాలి, వారం మధ్యలో వెళ్లాలి.

నీకు దగ్గరలో ఇంకొకటి మనోరీ. మలాడ్ నుంచి మార్వే రేవుకు బస్సులో వెళ్లి, ఖాడీ దాటే పడవ ఎక్కితే కొద్ది నిమిషాల్లో అవతలి ఒడ్డు చేరుతావు. రోడ్డు మీదుగా అక్కడికి రావాలంటే భాయందర్ చుట్టి రావాలి, అందుకే ఆ పల్లెలు ఇప్పటికీ పల్లెల్లాగే ఉన్నాయి. చేపలు ఎండబెట్టే పందిళ్లు, కొబ్బరి చెట్లు, సన్నని దారులు ఉంటాయి. వాళ్ల ఇళ్ల ముందు నుంచి నడుస్తున్నప్పుడు అడగకుండా ఫొటోలు తీయకు. తిరుగు పడవ చివరిది ఎన్నింటికో దిగిన వెంటనే రేవులో అడుగు. ఇవతల మార్వే వైపున్న ఆక్సా బీచిలో నీళ్లలోకి దిగకు, అక్కడ ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి.

ద్వీపం దాటి వెళ్లాలనుకుంటే పన్వేల్ దగ్గర కర్నాలా పక్షుల అడవి ఉంది. ఇంకా పైకి, మోటారు బండ్లను ఊళ్లోకి రానివ్వని మాథేరాన్ ఉంది. 1907 నుంచి నేరల్ నుంచి చిన్న రైలు ఆ కొండ ఎక్కుతోంది, వానాకాలంలో మాత్రం కింది నుంచి నడవదు. ఈ రెండు చోట్లకూ ఒక్కదానివి కాకుండా తోటి ఉద్యోగినులతో వెళ్లు.

ఎంత దగ్గరి చోటికైనా, ఎక్కడికి వెళ్తున్నావో ఎన్ని గంటలకు తిరిగి వస్తావో గదిలో ఉండే అమ్మాయికీ నాకూ రాసి బయల్దేరు. అనుకున్న వేళకు గంట దాటితే నేను ఫోన్ చేస్తాను, విసుక్కోకు. పక్కన ఎవరి చూపైనా నచ్చకపోతే మొహమాటపడకుండా లేచి వచ్చెయ్యి, ఆ రోజు ప్రశాంతత దొరకలేదని బాధపడకు. అవసరమైతే 112కు ఫోన్ చెయ్యి. వారమంతా పని చేసి అలసిపోయి, ఎక్కడికీ వెళ్లలేనంత నీరసంగా ఉన్న రోజు కూడా వస్తుంది. అప్పుడు మాహిం దగ్గరి మహారాష్ట్ర నేచర్ పార్కుకు వెళ్లు. ధారావీ పక్కన ఒకప్పుడు ఊరి చెత్త పోసిన నేల అది, మొక్కలు నాటి అడవిగా చేశారు, 1994లో జనానికి తెరిచారు. రిటైరయ్యే దాకా నాకు మనసు బాగాలేని రోజుల్లో అదే దిక్కు. ఒకనాడు అక్కడ చెట్టు కింద కూర్చుని ఏడ్చి, కళ్లు తుడుచుకుని మళ్లీ ఆఫీసుకు వెళ్లాను. నీకూ అలాంటి రోజు వస్తే నాకు చెప్పి తీరాలని ఏమీ లేదు, కానీ చెబితే వింటాను.

నీ వారాంతపు సెలవు ఏ రోజో తెలియగానే రాయి. జనవరిలో నేను ముంబయి వస్తున్నాను, మోకాళ్లు అనుమతిస్తే కాన్హేరీ మెట్లు, లేకపోతే ఐరోలీ పడవ. పడవకు ఇద్దరికీ చోటు నువ్వే రాయించు, ఆ రోజు పోటు ఎన్నింటికో పంచాంగం చూసి ముందు నువ్వు లెక్కకట్టి నాకు పంపు. నేను ఇక్కడ సరిచూస్తాను.

ప్రేమతో,
నీ అత్తయ్య